పదమూడు గురిగింజలు

యాకూబ్ రుమాలు విప్పి
నా గాజుపెట్టె మీద సీసం గుండ్లు కుమ్మరించిండు.
పరకాల బజార్ల
నా తక్కెడ ఒక్కటే అబద్ధమాడదని
ఎవరు చెప్పిన్రో ఆయనకు.

షోరూములొచ్చినంక
పుస్తెల జత కూడా రాని దుకాణం నాది.
దసరా నుంచి కుంపటి ముట్టియ్యలే.
తూకమే కదా, కానియ్ అన్న.

ఒక్కొక్కటి పట్కారుతోని ఎత్తి పళ్లెంల పెట్టిన.
పొట్టి ఒళ్లు, ముక్కు మీద సన్నని గుంట,
రాయి పొదగడానికి చేసిపెట్టినట్టు.
గ్రాముల చెప్పుమన్నడు.
నా నోటికి మా తాత లెక్కే వచ్చింది:
పదమూడు గురిగింజలు.
పన్నెండున్నర.
పదమూడు, జర మొగ్గు.
మళ్ల పదమూడు.
నలభై గుండ్లల్ల
పదహారే సొంత అన్నదమ్ములు.

"ఎంత తేడా, వెంట్రుకంత" అన్న.
"నీ ముంగట వెంట్రుకే మామా,
అరవై అంగల అవతల అది జానెడు" అన్నడు.
నేను నవ్వలే.
వెంట్రుకంత వెంట్రుకంత దాసుకొని
రెండంతస్తులు లేపినోళ్లను ఎరుగుదు.

తెల్లారి, గాలి లేవకముందే
మూతపడ్డ గ్రానైటు క్వారీకి పోయినం.
కోసిన బండల మీద సున్నపు నంబర్లు ఇంకా ఉన్నయ్.
సిలిండర్ నిండేదాక యాకూబ్ పంపు కొట్టిండు,
నూటిరువై లెక్కపెట్టి నేను మరిచిపోయిన.
నా పెట్టెలోని ఎర్రదారం ఒక పుల్లకు కట్టి
అది అల్లాడకుండ నిలవడ్డప్పుడు
టప్పుమనిపించిండు.

ముందుగాల కలగాపులగం గుండ్లు ఐదు.
కాయితం మీద కోడికి జొన్నలు చల్లినట్టు పడ్డయ్.
తర్వాత అన్నదమ్ములు.
ఒకటి.
రెండు.
మూడోది తగల్లేదనుకున్న.
పోయి చూస్తే
రెండోదాని పొక్కల్నుంచే పోయింది.
ఐదింటినీ ఒక చారానా బిళ్ల కప్పేసింది.

నా తూకం
అంత దూరం నడుస్తదని
యాభై ఏండ్లల్ల నాకు తెల్వది.
నిజం చెప్తున్న, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఇగ అక్కడ ఆగితే అయిపోవు.

సంచిలకెళ్లి బట్టల సబ్బులు తీసిండు,
ఒకదాని ఎనుక ఒకటి నాలుగు,
బండ మీద పేర్చి
ముంగట నిలవెట్టిన సబ్బు నడుమ బొట్టంత గుర్తు పెట్టిండు.
టప్.

దారంతోని కోసి చూపిచ్చిండు.
పోయిన దారి సూదంత,
లోపల నిమ్మకాయంత ఖాళీ.
మూడో సబ్బుల గుండు దొరికింది.
ముక్కు నాలుగు పాయలై ఇచ్చుకున్నది
అచ్చం పత్తికాయ పగిలినట్టు.
తూకమేసిన:
పదమూడే.
రవ్వంత పోలే దానికి.

నా చెయ్యి సుత, చూడు,
అలవాటుగ దాన్ని తిప్పి
నడుమ ఎర్రరాయి కూసుంటదా అని చూసింది.

"యాకూబ్" అన్న,
"యాడ తగుల్తవని కాయితాన్ని అడిగినవ్,
చెప్పింది.
సబ్బును ఏమడుగుతున్నవ్?"

"మక్కచేన్ల పందులు..." అని మొదలువెట్టి
కొసదాక పోలే.
"డబ్బా మీద రాసింది నిజమా కాదా అని, అంతే"
అన్నడు.
మళ్ల పంపు కొట్టుడు షురూ చేసిండు.
ఎర్రదారం అల్లాడుతున్నది.
ఈసారి నేను
"ఆగింది" అని చెప్పలే.

ఇంటికొచ్చేసరికి భ్రమరాంబ గుమ్మంలనే ఆపింది.
"సీసం చేతులు,
కడుక్కోనిదే పళ్లెం ముట్టకు."
గురిగింజకు తన నలుపు తెల్వదంటరు గాని
నా గోర్ల సందుల నాకు కనవడుతనే ఉన్నది.

జేబులకెళ్లి
వారగ మిగిలిన సబ్బుముక్క తీసిన.
నీళ్లు వోస్తే
అన్నీ ఆ గుంటలకే పోతున్నయ్.
రుద్దిన.
మళ్ల రుద్దిన.
నురగ తెల్లగనే వస్తున్నది.
సబ్బు అరిగినకొద్దీ
గుంట నోరు పెద్దగైతున్నది.